“చెప్పాను సార్” దగ్గర ఆగిపోయే మాట

ప్రశ్న: విజయవాడలో ఒక వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీగా చేస్తున్నాను. మేం ఏడుగురం. నా ఫోన్‌లో ఆఫీసు వాట్సాప్ గ్రూపులు 14 ఉన్నాయి. ఎవరి శాఖ నుంచి వాళ్లకి ఆర్డర్లు వస్తాయి, ఒకళ్లు ఏం చేస్తున్నారో ఇంకొకళ్లకి తెలీదు. మీటింగ్ పెడితే ఎవరూ నోరు విప్పరు, బయటికి వెళ్లాక ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకుంటారు. ఒక పని ఆలస్యమైందని గ్రూపులో పేరు పెట్టి రాశానని ఒక కొలీగ్ మూడు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. టీమ్‌లో కమ్యూనికేషన్ బాగుపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, ముందు నా సంగతి రెండు ముక్కల్లో. 1990లో పురపాలక శాఖలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రకరకాల ఊళ్లు తిరిగాను. రెవెన్యూ, ప్రజారోగ్యం, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లన్నీ చూశాను. 2025లో రిటైరై సత్యనారాయణపురంలో ఉంటున్నాను. కింద రాసే సంగతులు ఏ ఊళ్లో జరిగాయో మాత్రం చెప్పను. అక్కడివాళ్లు చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు, మంచి పనివాళ్లు కూడా.

కమ్యూనికేషన్ అనగానే ట్రైనింగ్ క్లాసు పెట్టి, నవ్వుతూ పలకరించుకోండి, ఒకరినొకరు గౌరవించుకోండి అంటారు. మంచిదే. కానీ మన ఆఫీసుల్లో పని చెడేది పలకరింపు లేక కాదు. మాట బయల్దేరుతుంది, దారిలో ఎక్కడో ఆగిపోతుంది, ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలీదు. అది ఎలా జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

ఇరవై ఏళ్ల పైమాట. ఎండాకాలం. మాది పాత బిల్డింగు. వరండాకి ఇటు ఇంజనీరింగ్ సెక్షన్, అటు ప్రజారోగ్యం సెక్షన్, మధ్యలో ఒక్క గోడ. నేను అటువైపు సీనియర్ అసిస్టెంట్‌ని. ఆ రోజు పొద్దున నీళ్లు వదిలినప్పుడు ఫిట్టర్ చివరి వీధి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో పరీక్ష చేశాడు. ఎప్పుడైనా చూశారో లేదో, చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తారు. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం (లీటరు నీళ్లలో 0.2 మిల్లీగ్రాములు) ఉండాలి. ఆ రోజు గొట్టంలో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగానే కలిపారు, చివరికి వచ్చేసరికి లేదు. దారిలో ఏదో మురికి దాన్ని తినేసిందన్నమాట. ఫిట్టర్‌కి అర్థమైంది. వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాడు. వర్క్ ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్‌లో రాశాడు. ఆ రిజిస్టర్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు సాయంత్రం చూస్తారు. ఆ సాయంత్రం ఆయన వేరే చోట పైపులైను పగిలితే అక్కడికి వెళ్లారు.

అదే పొద్దున గోడకి ఇవతల మా సెక్షన్‌కి ఏఎన్ఎం, అంటే వీధుల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త, వచ్చింది. ఆ వీధిలోనే ముగ్గురికి వాంతులు, విరేచనాలు అని చెప్పింది. ఎండలు ముదిరాయి కదా, పెళ్లి భోజనాలు కూడా ఉన్నాయి అనుకున్నాం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపాం. మేమూ రిజిస్టర్‌లో రాశాం.

ఒకే వీధి గురించి ఒకే పొద్దున వచ్చిన రెండు సంగతులు. ఆ రెండూ ఒకచోట కలిస్తే పదో తరగతి పిల్లాడైనా ముందు నీళ్లు ఆపమంటాడు. అవి కలవడానికి మర్నాడు మధ్యాహ్నం అయింది. అప్పటికి కేసులు నలభై దాటాయి. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. తవ్వి చూస్తే, ఒక ఇంటి కనెక్షన్ గొట్టం మురుగుకాలవ లోంచి వెళ్తోంది, కాలవలోనే తుప్పుపట్టి చిల్లు పడింది.

తర్వాత ఎంక్వయిరీ. ఫిట్టర్ “చెప్పాను సార్” అన్నాడు. వర్క్ ఇన్‌స్పెక్టర్ “రాశాను సార్” అన్నాడు. ఏఎన్ఎం “రిపోర్ట్ చేశాను సార్” అంది. మేమూ రిజిస్టర్ చూపించాం. తిలాపాపం తలా పిడికెడు. ఆ గదిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు, నన్ను ఇన్నేళ్లు బాధపెట్టింది అదే. అందరం చెప్పాం. ఎవరి మాటా చేరాల్సిన చోటికి చేరలేదు.

మీ మొదటి పని ఇదమ్మా. “చెప్పాను” అనే మాటతో పని అయిపోయినట్టు లెక్క వేయడం మీ ఆఫీసులో ఆగాలి. విన్న మనిషి తిరిగి చెబితేనే చెప్పినట్టు. మన విజయవాడ రైల్వే ఊరు, మీ చుట్టాల్లోనో ఇరుగుపొరుగులోనో లోకో పైలట్ ఎవరైనా ఉంటే అడగండి. ఇంజన్లో ఇద్దరు ఉంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు రంగు పైకి చెబుతారు, రెండో ఆయన కూడా తన నోటితో అదే అంటాడు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ కనబడుతోంది, అయినా పైకి అనాల్సిందే. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్నవాడికైనా ఆ నియమం తప్పదు, ఎవరూ చిన్నతనం అనుకోరు.

మన దగ్గర ఎలా ఉంటుందో చూడండి. “రేపు పొద్దున 6 గంటలకి పోస్టాఫీసు వీధిలో ఫాగింగ్ ఉంది, ముందు వెళ్లి ఇళ్లవాళ్లకి చెప్పాలి” అని మీరంటారు. అవతలివాళ్లు “సరే మేడం” అంటారు. ఆ “సరే”లో ఏముందో మీకు తెలీదు. వీధి సరిగ్గా విన్నారా? టైము విన్నారా? ఏం చెప్పాలో తెలుసా? అదే వాళ్లు “రేపు పోస్టాఫీసు వీధి. ఐదున్నరకి నేను అక్కడుంటాను. పసిపిల్లల్ని కాసేపు బయటికి రానివ్వొద్దని, గిన్నెల మీద మూతలు పెట్టమని చెప్తాను” అన్నారనుకోండి, మీ మనసు కుదుటపడుతుంది. పొరపాటు ఉంటే అప్పుడే దొరుకుతుంది. మొదటి వారం అందరికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. మీరు ముందు మొదలుపెట్టండి. వాళ్లు మీకు ఏదైనా చెప్పినప్పుడు మీరే తిరిగి చెప్పండి. పైవాళ్లు వల్లించకుండా కిందవాళ్లని వల్లించమంటే బడిలో అప్పజెప్పించినట్టుంటుంది, ఎవరికీ నచ్చదు.

ఇక మీ ఆఫీసుకే ఉన్న చిక్కు. నేను పనిచేసిన రోజుల్లో సెక్షన్‌కి ఒక హెడ్ ఉండేవాడు, మాట వినకపోతే మెమో వచ్చేది. మీది అలా కాదు. 2019 సెప్టెంబరులో లక్షా 26 వేల పోస్టులకి ఒకేసారి పరీక్షలు పెట్టారు, అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. అప్పుడు చేరినవాళ్లంతా ఒకే బ్యాచ్. అందరూ 15 వేల జీతంతోనే మొదలుపెట్టారు, ప్రొబేషన్ ఖరారు కోసం కలిసి ఎదురుచూశారు. అందులో ఒకరు లేచి “ఇది చెయ్యి” అంటే, “నువ్వెవరు నాకు చెప్పడానికి” అని పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. మనుషులకి అది సహజం. దానికి తోడు ఒక్కొక్కరికి రెండు వైపుల నుంచి పిలుపు. శానిటేషన్ సెక్రటరీకి శానిటరీ ఇన్‌స్పెక్టర్, నీళ్లు, రోడ్లు, డ్రెయిన్లు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఏఈ, ప్లానింగ్ సెక్రటరీకి టౌన్ ప్లానింగ్ వాళ్లు, హెల్త్ సెక్రటరీకి అర్బన్ హెల్త్ సెంటర్ డాక్టరు, మహిళా పోలీసుకి స్టేషన్. 2025లో జనాభాని బట్టి సిబ్బందిని ఆరుగురు, ఏడుగురు, ఎనిమిది మందిగా సర్దాక ఒక్కొక్కరి మీద బరువు ఇంకా పెరిగింది. కాబట్టి మీ వాళ్లు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటున్నారంటే అది వాళ్ల గుణం అనుకోకండి. కుర్చీలు వేసిన తీరే అలా ఉంది.

అయితే మీరే గమనించి ఉంటారు, నెలలో ఒక్కరోజు ఈ గొడవ ఉండదు. ఒకటో తారీఖు. 2024 జులై 1 నుంచి పెన్షన్లు సచివాలయం వాళ్లే ఇంటింటికీ వెళ్లి ఇస్తున్నారు. ఆ రోజు తెల్లారేసరికి అందరూ వీధుల్లో ఉంటారు. ఎవరికైనా వేలిముద్ర పడకపోతే వెంటనే ఫోన్లు నడుస్తాయి. ఒకరు త్వరగా పూర్తిచేస్తే రెండోవాళ్ల జాబితాలో మంచాన ఉన్న ముసలావిడ దగ్గరికి వెళ్తారు. అదే ఏడుగురు, అవే శాఖలు. మరి ఆ రోజు ఎలా కుదురుతోంది? ఎవరి జాబితా వారి చేతిలో ఉంటుంది. ఎప్పటిలోగా అవ్వాలో అందరికీ తెలుసు. ఎంత అయిందో, ఎంత మిగిలిందో గంట గంటకీ అందరికీ కనబడుతుంది. సాయం అడిగితే చులకన అవుతామన్న భయం ఉండదు, ఎందుకంటే అందరిదీ అదే పని. ఈ నాలుగూ మిగతా 29 రోజుల్లోకి తీసుకురాగలిగితే మీకు ఏ ట్రైనింగూ అక్కర్లేదు.

దానికి ఒక తెల్లబోర్డు కొనండి. గోడకి, అందరూ నడిచే చోట పెట్టండి, మీ కుర్చీ వెనక కాదు. నాలుగు గళ్లు గీయండి: పని, ఎవరిది, ఎప్పటికి, ఎక్కడ ఆగింది. మొదటి మూడూ ఎవరైనా రాస్తారు. నాలుగోదాని కోసమే ఈ బోర్డంతా. “ఆగింది” అని రాయడానికి మనవాళ్లకి చెయ్యి రాదు. ఆగిందంటే నా చేతకానితనం అనుకుంటారని భయం. అందుకని మీరు మీ పనినే ముందు ఆ గడిలో రాయండి. “ఆస్తి పన్ను డిమాండ్ నోటీసులు: ముప్ఫై ఇళ్లు తాళం వేసి ఉన్నాయి, ఓనర్ల ఫోన్ నంబర్లు లేవు” అని. చూస్తారు, ఆ మధ్యాహ్నానికే ఎవరో ఒకరు “ఆ మూడో ఇంటాయన అల్లుడు మా వీధేనండీ” అంటారు. ఒక ఊళ్లో ఇది చేశాం. పన్ను వసూళ్ల జాబితాలో నెలల తరబడి కదలని ఇళ్లలో సగం, నీటి కుళాయి ఫిట్టర్లు చూసి చెప్పిన గుర్తులతోనే కదిలాయి. వాళ్లని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

రోజూ పది నిమిషాలు బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుకోండి. కుర్చీలు వేయకండి, వేస్తే అరగంట అవుతుంది. ఫీల్డుకి వెళ్లేముందు పెట్టండి. ఒక్కొక్కరు రెండే చెప్పాలి: ఇవాళ ఎక్కడికి వెళ్తున్నాను, ఎవరి సాయం కావాలి. నిన్న ఏం చేశారో అడగకండి, అడిగితే సంజాయిషీల సభ అయిపోతుంది.

వాట్సాప్ సంగతి. పద్నాలుగు గ్రూపుల్లో సగం పైనుంచి పెట్టినవి, వాటిని మీరు తీసేయలేరు. మీ ఏడుగురి గ్రూపు ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది. అందులో పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు కేకులు వద్దు. కావాలంటే వాటికి వేరే గ్రూపు పెట్టుకోండి, అది మంచిదే, మనుషులకి అదీ కావాలి. పని గ్రూపులో పని ఒక్కటే. పై గ్రూపులో వచ్చిన ఆర్డర్‌ని అలాగే ఫార్వర్డ్ చేసి వదిలేయడం చాలామంది చేసే పని. అది పని అప్పగించడం కాదు, బరువు ఇంకొకరి నెత్తిన దించుకోవడం. ఒక మెసేజ్ ఎలా ఉంటుందో చూడండి:

“రేపు ఉన్నతాధికారుల పర్యటన కలదు. సిబ్బంది అందరూ అప్రమత్తంగా ఉండవలెను. అర్జెంట్.”

దీన్ని చదివి ఏడుగురూ ఏడు నమస్కారం బొమ్మలు పెడతారు. ఏం చేయాలో ఒక్కరికీ తెలీదు. మన ఆఫీసు తెలుగులో “కలదు, వలెను, తెలియజేయడమైనది” అన్న మాటలు వచ్చినప్పుడల్లా చేసే మనిషి వాక్యంలోంచి జారిపోతాడు. తెలియజేసింది ఎవరు? ఉండాల్సింది ఎవరు? నోటీసు బోర్డుకి ఆ భాష సరిపోతుందేమో, తోటి మనిషికి సరిపోదు. అదే సంగతి ఇలా రాయండి:

“రేపు (గురువారం) పొద్దున 7 నుంచి 9 మధ్య పై ఆఫీసర్లు మన వార్డుకి వస్తున్నారు. చూసేవి రెండు: కాలవగట్టు వీధి డ్రెయిను, అంగన్‌వాడీ దగ్గర చెత్త. డ్రెయిను సంగతి ఇవాళ సాయంత్రం 5కి ఎమినిటీస్ గారు చూసి ఫోటో పెడతారు. చెత్త సంగతి శానిటేషన్ గారు మేస్త్రీతో మాట్లాడి, రేపు 6 లోపు ఎత్తించి చెబుతారు. ఇబ్బంది ఉంటే ఇవాళ 6 లోపు నాకు ఫోన్ చేయండి.”

రాయడానికి మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మర్నాడు మూడు గంటలు మిగులుతాయి. దీనికి జవాబుగా బొటనవేలు బొమ్మ పెడితే ఒప్పుకోకండి, “సాయంత్రం 5కి వెళ్తాను” అని రాయమనండి. పారిశుధ్య కార్మికులున్న గ్రూపైతే రాయకండి, మాట రికార్డు చేసి పెట్టండి. వాళ్లలో చదవలేనివాళ్లు ఉంటారు, చదవలేమని పైకి చెప్పరు.

మీ రెండో బాధ, మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పకపోవడం. దీని గురించి నాకు చెప్పాలని చాలా ఉంది.

ఒక మున్సిపాలిటీలో ఒక హోటల్ ముందు కాలవ వానాకాలం వచ్చిందంటే పొంగేది. మీటింగుల మీద మీటింగులు. కాలవ వెడల్పు చాలదని ఇంజనీరింగ్ వాళ్లు, హోటలు వాళ్లు ప్లాస్టిక్ పారేస్తున్నారని మేము. ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి పారిశుధ్య కార్మికుల మస్టర్ (హాజరు) చూడటానికి వెళ్లాను. చీపుళ్లు గోడకి ఆనించి, టీ గ్లాసులు పట్టుకుని ఆడవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ, ఆ వీధి పదిహేనేళ్లుగా ఊడుస్తోంది. ఊరికే పలకరింపుగా “ఆ కాలవ ఎందుకమ్మా అలా పొంగుద్దీ?” అన్నాను. ఆవిడ టీ తాగడం ఆపి నా వంక చూసింది. “కల్వర్టు కింద రాతిపలక ఇరిగి పడుంది గదయ్యా. నీళ్లు దానికి తన్నుకుని యెనక్కొస్తన్నాయి” అంది. “మరి ఎవరికీ చెప్పలేదా?” అంటే, “నన్నెవరడిగారయ్యా?” అంది. ఆ మధ్యాహ్నం నలుగురు మనుషులు దిగి పలక తీశారు. మళ్లీ ఆ కాలవ పొంగలేదు.

ఆవిడ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. అప్పటి నుంచి నేను మీటింగ్‌లో “ఎవరికైనా డౌట్లు ఉన్నాయా?” అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు, “లేవు సార్”. దాని బదులు ఒక్కొక్కరి వంక తిరిగి, వాళ్లకే తెలిసిన సంగతి అడిగేవాణ్ణి. “ఈ వారం మీ వీధిలో ఏ ఇంటివాళ్లు ఎక్కువ విసుక్కున్నారు? ఎందుకు?” ఇలా. తనకి తెలిసింది అడిగితే ఎవరైనా మాట్లాడతారు. ఇంకోటి, అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడించండి, మీరు ఆఖర్న మాట్లాడండి. పెద్దవాళ్లు ముందు అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్లు అదే మాట తిప్పి చెబుతారు.

చెడ్డ కబురు తెచ్చినవాడికి మీ దగ్గర ఏం జరుగుతుందో కూడా చూసుకోండి. సాయంత్రం టెలికాన్ఫరెన్సుల్లో పైవాళ్లు కేకలేయడం మీరు వినే ఉంటారు. ఒకసారి కేక పడ్డాక ఆ మనిషి రెండోసారి నిజం చెప్పడు, “ప్రోగ్రెస్‌లో ఉంది సార్” అంటాడు. నేనూ కొన్నేళ్లు కేకలేసే అధికారినే, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆ ఏళ్లలో నాకు ఎన్ని సంగతులు దాచారో నాకు ఎప్పటికీ తెలీదు. ఎవరైనా వచ్చి “మేడం, ఆ ఇంట్లో డెంగీ కేసు అనుమానంగా ఉంది, నేను నిన్ననే చెప్పాల్సింది” అంటే, ముందు “చెప్పి మంచి పని చేశారు” అనండి. నిన్న ఎందుకు చెప్పలేదన్నది రేపు, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి.

రెండు శాఖల నుంచి ఒకే టైముకి రెండు పనులు పడితే, మీ కొలీగ్‌ని ఏదో ఒకటి తేల్చుకోమని వదిలేయకండి. మీరే ఇద్దరు అధికారులకీ కలిపి ఒకే మెసేజ్ పెట్టండి: “సార్, రేపు 10కి సర్వే, అదే టైముకి హెల్త్ క్యాంపు, ఇద్దరికీ ఉన్నది ఒకే మనిషి. క్యాంపు 10కి, సర్వే 2కి అనుకుంటున్నాం. వేరేలా కావాలంటే సాయంత్రం లోపు చెప్పండి.” దారి చూపించి అడిగితే అధికారులు దాదాపు ఎప్పుడూ ఒప్పుకుంటారు. దారి చూపకుండా సమస్య ఒక్కటే పంపితే తిట్లు వస్తాయి. మీరు ఇది రెండుసార్లు చేస్తే “నువ్వెవరు నాకు చెప్పడానికి” అన్న మాట మీ టీమ్‌లో దానంతటదే తగ్గుతుంది. ఎందుకంటే వాళ్ల మీద పడే దెబ్బ మీరు కాసుకున్నారు.

ఫైళ్ల గురించి ఒక్క మాట. ఫైలు మీద “ప్లీజ్ స్పీక్” అని రాసి వెనక్కి వస్తుంది. వెళ్లి మాట్లాడతారు, ఏదో తేలుతుంది, ఫైలు మీద మాత్రం ఏమీ ఉండదు. ఆరు నెలల తర్వాత ఆ అధికారి బదిలీ అయిపోతే మీ దగ్గర మిగిలేది “ప్లీజ్ స్పీక్” అన్న రెండు ముక్కలే. మాట్లాడి వచ్చిన వెంటనే, అదే రోజు, “ఫలానా తేదీన చర్చించాను, ఇలా చేయమన్నారు” అని నోట్ రాసి మళ్లీ పెట్టండి. సమాచార హక్కు కింద అర్జీ వచ్చినా, ఆడిట్ వచ్చినా మీకు అండ అదే.

కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ల సంగతీ టీమ్ మాటే. ఇంటి పన్ను పేరు మార్పిడికి ఏం కావాలని ఒకే మనిషి మూడుసార్లు వస్తే, ముగ్గురు మూడు రకాలు చెబుతారు. ఒక నోటుబుక్ పెట్టి, జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలకి అందరూ కలిసి ఒప్పుకున్న జవాబు రాసుకోండి. సోమవారం పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అర్జీలకి ఇచ్చే ఎండార్స్‌మెంట్, అంటే రాతపూర్వక జవాబు, కూడా అంతే. “పరిశీలించి చర్యలు తీసుకోబడును” అని మూసేస్తే అర్జీ మళ్లీ తెరుచుకుని మీ దగ్గరికే వస్తుంది.

2024లో మన విజయవాడ వరదల సంగతి రాయకుండా ఉండలేను. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు బుడమేరు వాగు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటించాల్సి వచ్చింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో ఉండిపోయాయి. వేరే ఊళ్ల నుంచి పారిశుధ్య సిబ్బందిని ఇక్కడికి పంపారు. అలా వచ్చిన ఒక జట్టుతో నేనూ వచ్చాను. మూడో రోజో నాలుగో రోజో మా జట్టు కుర్రాడు ఫోన్ చేసి “సార్, నీళ్లు తగ్గాయంట, బండి పంపమంటున్నారు” అన్నాడు. బండి పంపాం. తీరా చూస్తే తగ్గింది కృష్ణ. మేం వెళ్లాల్సిన వీధిలో ఉన్నది బుడమేరు నీళ్లు, ఇంకా నడుం లోతున ఉన్నాయి. బండి ఆగిపోయింది, పూట దండగైంది. “గండి పూడ్చారంట” అన్న మాటా అంతే. బుడమేరుకి పడ్డవి మూడు గండ్లు, మూడోది పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. మధ్యలో ఎవరు “గండి పూడింది” అన్నా ఏ గండి అని అడగాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం. వీధి పేరు, నీళ్లు మనిషికి ఎంతవరకు ఉన్నాయి, ఎవరు కళ్లతో చూశారు, ఈ మూడూ లేకుండా ఎవరూ కబురు చెప్పకూడదు. “అంట” అంటే కదలం. “చూశాను, మోకాలి దాకా ఉన్నాయి” అంటే కదులుతాం. ఇంకోటి చేశాం. ఊరు తెలియని మా పదిమందికీ అక్కడి పారిశుధ్య కార్మికురాలు ఒకావిడని జతచేశాం. ఆవిడ ఇల్లు కూడా మునిగింది. అయినా వచ్చి, “ఈ సందులో బురద కింద మ్యాన్‌హోల్ ఉంది, కర్ర పొడిచి నడవండి” అని చెబుతూ ముందు నడిచింది. మా వాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగలకుండా వెనక్కి తీసుకెళ్లానంటే అది ఆవిడ చలవ. అందుకే చెప్తున్నాను, మీ బోర్డు దగ్గర నిలబడే ఏడుగురితో పాటు వారానికి ఒక్కసారైనా మేస్త్రీనీ, ఫిట్టర్‌నీ, ఆశా వర్కర్‌నీ పిలవండి. వార్డు వాళ్ల కాళ్ల కింద ఉంటుంది.

ఇక మీతో మాట్లాడని ఆ కొలీగ్ సంగతి. మీరు నిజాయతీగా రాశారు కాబట్టి నేనూ దాచకుండా చెప్తాను. ఆలస్యం ఆ మనిషిదే అయ్యుండొచ్చు, కానీ గ్రూపులో పేరు పెట్టి రాయడం మీ పొరపాటు. ఆ గ్రూపులో ఆ మనిషి కింద పనిచేసేవాళ్లు, రేపు పొద్దున ఆ మనిషి పని చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. మీకు పది సెకన్లలో అయిపోయిన మెసేజ్, ఆ మనిషికి మూడు నెలలైనా తీరలేదు. ముందు ఒంటరిగా మాట్లాడండి. ఆఫీసులో కాదు, మీ వీధి చివర టీ బడ్డీ దగ్గరైనా సరే. పని ఎందుకు ఆలస్యమైందో అడగకండి. “ఆ రోజు నేను అలా రాసి ఉండాల్సింది కాదండీ” అని చెప్పి ఆగండి. “కానీ” అని మొదలుపెట్టకండి. ఆ మనిషి ఏమన్నా విని, తిరిగి చెప్పండి, పైన చెప్పినట్టే. ఆ తర్వాత అందరి ముందూ, బోర్డు దగ్గర, ఒక్క వాక్యం చెప్పండి. అందరి ముందు అన్న మాటని గదిలో వెనక్కి తీసుకుంటే సగమే తీసుకున్నట్టు. ఆ మనిషి వెంటనే మామూలు కాకపోవచ్చు. వచ్చే ఒకటో తారీఖు పెన్షన్ల జాబితాలు పంచేటప్పుడు, మీ వీధుల పక్క వీధులు ఆ మనిషికి వచ్చేలా సర్దండి. పొద్దున ఆరింటికి ఎవరికో వేలిముద్ర పడదు, ఒకరికొకరు ఫోన్ చేసుకోక తప్పదు. ముందు ఫోన్ మీరే చేయండి.